మకాం మార్చే ముందు మేము వేసుకున్న క్యాన్సర్ లెక్కలు

మావారి ఉద్యోగ విరమణ తర్వాత హైదరాబాదు వదిలి గోదావరి డెల్టాకు వెళ్లిపోవాలని మేము ఎప్పటినుంచో అనుకుంటున్నాము. నేను ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పి ఆయనకంటే ముందే విరమణ పొందాను. మా ముందు మూడు చోట్లు ఉన్నాయి. కోనసీమలోని కొత్తపేట వైపు మావారి స్వగ్రామంలో మామగారి కాలంనాటి పెంకుటిల్లు ఒకటి, పశ్చిమ గోదావరి జిల్లా ఉండి దగ్గర మా పుట్టింటివారి ఊళ్లో నా వాటాకు వచ్చిన స్థలం ఒకటి, రాజమహేంద్రవరంలో అమ్మకానికి ఉన్న ఫ్లాటు ఒకటి. మనసు పెంకుటింటి వైపే మొగ్గుతున్న సమయంలో మా అబ్బాయి బెంగళూరు నుంచి ఫోను చేసి, "అమ్మా, ఆ పక్క ఊళ్లలో క్యాన్సర్లు బాగా పెరిగిపోయాయంటున్నారు, ఒకసారి కనుక్కుని వెళ్లండి" అన్నాడు. తూర్పు గోదావరి జిల్లా బిక్కవోలు మండలం బలభద్రపురంలో క్యాన్సర్ కేసులు ఎక్కువగా ఉన్నాయని 2025 మార్చిలో పత్రికల్లో వార్తలు వచ్చాయి. శాసనసభలో ప్రస్తావన కూడా రావడంతో ప్రభుత్వం వైద్య బృందాలను పంపి ఇంటింటి సర్వే చేయించింది. అప్పటినుంచి డెల్టాలో ఏ ఇద్దరు బంధువులు కలిసినా ఈ మాట రాకుండా ఉండడం లేదు.

మా అమ్మ రొమ్ము క్యాన్సరుతో పోయింది కనుక ఆ మాటను నేను తేలికగా తీసుకోలేను. అలాగని, విన్న ప్రతి మాటకూ భయపడి పూర్వీకుల ఇంటిని వదులుకోవడమూ నాకు ఇష్టం లేదు. అందుకే లెక్క ఉన్నంత మేర లెక్క చూసి, తర్వాతే నిర్ణయించుకుందామని ఇద్దరమూ అనుకున్నాము.

ముందుగా ఒక్కో చోటి గురించి జనం ఏమనుకుంటున్నారో విన్నాము. కోనసీమ అనగానే చమురు, సహజవాయువు బావుల మాట వస్తుంది. 1995 జనవరిలో పాశర్లపూడి దగ్గర బావి పేలి రెండు నెలలకు పైగా మండిన మంటను, 2014 జూన్ 27న మామిడికుదురు మండలం నగరం అనే ఊళ్లో గ్యాసు పైపులైను పేలి జరిగిన ప్రాణనష్టాన్ని అక్కడివారు ఇప్పటికీ మరిచిపోలేదు. ఆ గాలి పీల్చినవాళ్లకు జబ్బులు రాకుండా ఎలా ఉంటాయన్నది వాళ్ల ప్రశ్న. ఉండి, ఆకివీడు, భీమవరం వైపు రొయ్యల చెరువుల్లో వేసే మందులను, యనమదుర్రు డ్రెయిన్ నీటిని తప్పు పడతారు. రాజమహేంద్రవరంలో ఫ్యాక్టరీల పొగ, వాహనాల పొగ అంటారు. వరి పొలాల్లో కొట్టే పురుగుమందుల మాట మాత్రం మూడు చోట్లా ఒకటే. ఈ భయాలలో ఏదీ గాలికి పుట్టినది కాదు. చమురులో ఉండే బెంజీన్ రక్త క్యాన్సరును కలిగిస్తుందని, లిండేన్ అనే పురుగుమందు క్యాన్సర్ కారకమని, బయటి గాలి కాలుష్యం ఊపిరితిత్తుల క్యాన్సరుకు దారితీస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారించింది. గాలి కాలుష్యాన్ని ఆ జాబితాలో చేర్చినది 2013లో. అయితే ఒక పదార్థం క్యాన్సరును కలిగించగలదని తెలిసినంత మాత్రాన, ఫలానా ఊళ్లో దానివల్లనే ఇన్ని కేసులు వచ్చాయని తేలినట్టు కాదు. మాకు కావలసినది ఆ రెండో సంగతి.

దానికోసం క్యాన్సర్ రిజిస్ట్రీ లెక్కలు వెతికాను. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి 1980ల మొదటినుంచి జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమం నడుపుతున్నది. ఒక ప్రాంతంలో నివసించేవారిలో ఏటా కొత్తగా ఎందరికి, ఏ క్యాన్సర్ వచ్చిందో ఆసుపత్రులనుంచి, ప్రయోగశాలలనుంచి, మరణ నమోదు కార్యాలయాలనుంచి సేకరించి లెక్క కట్టడం జనాభా ఆధారిత రిజిస్ట్రీ పని. 2012 నుంచి 2016 వరకు గల కాలానికి వచ్చిన నివేదికలో ఇటువంటి రిజిస్ట్రీలు 28 ఉన్నాయి. వాటి పరిధిలోకి వచ్చేది దేశ జనాభాలో పదోవంతు. ఆ 28లో తెలుగు నేలకు చెందినది హైదరాబాదు ఒక్కటే. గోదావరి జిల్లాలకు మండలాల వారీగా పోల్చి చూసుకోగల క్యాన్సర్ రేటు ఉంటుందని నేను ఆశించాను కాని, ఆ నివేదికలో మన డెల్టా మాటే లేదు. పైగా 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగి, పాత తూర్పు గోదావరి నుంచి కోనసీమ, కాకినాడ వేరయ్యాయి; పాత పశ్చిమ గోదావరి ఏలూరు, భీమవరం కేంద్రాలుగా విడిపోయింది. కనుక ఆసుపత్రుల లెక్కలో "తూర్పు గోదావరి" అని కనిపిస్తే, అది 2011 జనగణనలో 51 లక్షల పైచిలుకు జనాభా ఉన్న పాత జిల్లానా, రాజమహేంద్రవరం చుట్టూ మిగిలిన కొత్త జిల్లానా అని ముందు తేల్చుకోవాలి. కేసులు పాత జిల్లావి తీసుకుని జనాభా కొత్త జిల్లాది పెట్టి భాగిస్తే రేటు అమాంతం పెరిగినట్టు కనిపిస్తుంది. ఇటువంటి భాగహారాలు వాట్సాప్ సందేశాల్లో నాకు ఎదురయ్యాయి కూడా.

మన ప్రాంతపు రేటు దొరకకపోయినా ఆ నివేదిక చదవడం వృథా కాలేదు. వయసు తేడాలను సవరించి చూసినప్పుడు మగవారిలో ఆ రిజిస్ట్రీలన్నిటిలోకెల్లా ఎక్కువ రేటు మిజోరం రాజధాని ఐజ్వాల్ జిల్లాలో ఉంది: ఏటా లక్షకు 269.4. అన్నిటికంటే తక్కువ మహారాష్ట్రలోని ఉస్మానాబాద్, బీడ్ జిల్లాల్లో ఉంది: లక్షకు 39.5. ఒకే దేశంలో ఏడు రెట్ల తేడా! ఐజ్వాల్ పెద్ద ఫ్యాక్టరీలున్న పట్టణం కాదు, కొండలమీద ఉన్న ఊరు. పొగాకు వాడకం అక్కడ ఆడా మగా తేడా లేకుండా చాలా ఎక్కువ. పొగగొట్టాలు కనిపించిన చోటును భయపడి వదిలేసి, పచ్చగా కనిపించిన చోటు భద్రమనుకునే మన అలవాటుకు ఈ రెండు అంకెలు గట్టి సమాధానమని నాకు తోచింది. ప్రాంతాన్ని బట్టి క్యాన్సర్ తేడా నిజంగానే ఉంటుంది. ఆ తేడా కంటికి కనిపించే చోట ఉండాలన్న నియమం మాత్రం లేదు.

తర్వాత మా స్వగ్రామం లెక్క. మా పెద్ద వదినగారు, అంటే మావారి అక్కగారు, పక్క ఊళ్లోనే ఉంటారు. "మన ఊళ్లో క్యాన్సరు లేని వీధి లేదమ్మా" అని ఆవిడ గట్టిగా అన్నారు. ఆ మాటను కాదనకుండా, "పేర్లు చెప్పండి వదినగారూ, రాసుకుంటాను" అన్నాను. ఆవిడా, మరి కొందరు బంధువులూ కలిసి పన్నెండు పేర్లు చెప్పారు. ఒక్కొక్కరి పేరు పక్కన వయసు, ఏ అవయవానికి వచ్చింది, ఏ సంవత్సరంలో తెలిసింది, ఆ ఊళ్లో ఎన్నేళ్లుగా ఉంటున్నారు, ఏ పని చేసేవారు అన్న సంగతులు అడిగి రాసుకున్నాను. వాళ్ల బాధను అంకెగా మార్చుతున్నానన్న సంకోచం నాకు లేకపోలేదు కాని, అడిగినవాళ్లలో చాలామంది ఎవరో ఒకరు ఓపికగా విన్నారన్నట్టే చెప్పుకొచ్చారు.

ఆ పన్నెండు పేర్లూ దాదాపు పదేళ్ల కాలంలో పరుచుకుని ఉన్నాయి. ఇద్దరు ఉద్యోగరీత్యా జీవితమంతా వేరే రాష్ట్రాల్లో ఉండి, జబ్బు ముదిరాక చివరి రోజులకు ఇంటికి వచ్చినవారు. ఒకావిడకు మెడలో ఉన్నది థైరాయిడ్ గడ్డ, అది క్యాన్సర్ కాదని పరీక్షల్లోనే తేలింది. మిగిలినవారిలో నోరు, గొంతు క్యాన్సర్లు ఉన్నాయి. రొమ్ము, గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్లు ఉన్నాయి. పెద్దపేగు, రక్త క్యాన్సర్లు కూడా ఉన్నాయి. క్యాన్సర్ ఒకే జబ్బు కాదు, ఒక్కో అవయవానికి వచ్చేదానికి ఒక్కో కారణ సముదాయం ఉంటుంది. నీటిలోనో గాలిలోనో ఉన్న ఒకే విషం పనిచేస్తే సాధారణంగా ఒకటి రెండు రకాలే అసాధారణంగా పెరగాలి. ఆస్బెస్టాస్ పని చేసినవారిలో ఊపిరితిత్తుల పైపొర క్యాన్సర్ అలాగే బయటపడింది. మా జాబితాలో అటువంటి ఒరవడి కనిపించలేదు.

ఇక సంఖ్య. 2022కు వేసిన జాతీయ అంచనా ప్రకారం దేశంలో ఆ ఏడాది కొత్త క్యాన్సర్ కేసులు సుమారు 14.6 లక్షలు, అంటే లక్ష జనాభాకు 100.4. మా ఊరి జనాభా నాలుగు వేలకు కాస్త అటూఇటూగా ఉంటుంది. దేశ సగటు రేటే అక్కడా ఉందనుకుంటే ఏటా నలుగురికి, పదేళ్లలో నలభై మందికి కొత్తగా క్యాన్సర్ రావాలి. వదినగారు భయంతో చెప్పిన జాబితాలో సరిచూశాక మిగిలినవారు పదిమంది లోపే. ఆ భాగహారం మొదట చేసినప్పుడు నేనే నమ్మలేక మళ్లీ వేశాను. ప్రతి తొమ్మిది మందిలో ఒకరికి జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు క్యాన్సర్ వచ్చే అవకాశం ఉందని అదే అంచనా చెబుతున్నది. ఆ లెక్కన అరవై మంది దగ్గరి బంధువులున్న ఏ కుటుంబంలోనైనా ఆరేడుగురి పేర్లు వినిపించడం మామూలు సంగతి. ఇది మన మనసుకు ఎక్కదు, ఎందుకంటే ఆరేడుగురు పోయిన దుఃఖం మామూలు దుఃఖం కాదు.

మా ఊళ్లో రేటు సగటుకంటే తక్కువని ఇంతటితో సంతోషించడానికి మాత్రం వీల్లేదు. వినిపించని కేసులు చాలా ఉంటాయి. ముఖ్యంగా ఆడవాళ్ల క్యాన్సర్లను ఇంటి గడప దాటనివ్వరు. ఉండి దగ్గర మా పుట్టింటి ఊరి గురించి అడిగినప్పుడు "ఇక్కడ అలాంటివేమీ లేవు" అన్నారు. అదే ఊళ్లో మా అమ్మ రొమ్ములో గడ్డను నెలల తరబడి ఎవరికీ చెప్పకుండా దాచుకుంది. ఆవిడ పోయినప్పుడు ఊరివాళ్లు చెప్పుకున్నది "జబ్బు చేసి పోయింది" అని మాత్రమే. 2020లో దేశంలో నమోదైన మరణాల్లో వైద్యుడు కారణాన్ని ధ్రువీకరించినవి 22.5 శాతమే. ఇళ్లలో జరిగే మరణాలకు కారణం రాసేవారే లేనప్పుడు, ఒక ఊళ్లో క్యాన్సర్ లేదనడానికి మనకు ఆధారం ఎక్కడిది? ఒక ఊరికి చెడ్డపేరు, ఇంకో ఊరికి మంచిపేరు రావడంలో, ఆయా ఊళ్లవాళ్లు బయటికి చెప్పుకోవడానికి ఎంత సిద్ధంగా ఉన్నారన్నదే సగం కారణమని నాకు అర్థమైంది.

సంఖ్య చిన్నదైనప్పుడు వచ్చే చిక్కు ఇంకొకటి ఉంది. లెక్కలు చెప్పినదాన్ని కనుక దీనిమీద కాస్త ఎక్కువసేపే కూర్చున్నాను. ఏటా సగటున నాలుగు కేసులు రావలసిన ఊళ్లో ప్రతి ఏడాదీ సరిగ్గా నాలుగే రావు. ఏ ప్రత్యేక కారణమూ లేకుండా, కేవలం యాదృచ్ఛికంగానే ఒక ఏడాది ఒకటి, మరో ఏడాది ఎనిమిది రావచ్చు. సంభావ్యత సూత్రం ప్రకారం ఒకే ఏడాదిలో తొమ్మిది లేదా అంతకంటే ఎక్కువ రావడానికి ఉన్న అవకాశం రెండు శాతం. చాలా తక్కువ అనిపిస్తుంది కాని, అంతే జనాభా ఉన్న ఊళ్లు వెయ్యి ఉంటే వాటిలో ఇరవై ఊళ్లకు ఏ పాపమూ లేకుండానే ఆ ఏడాది తొమ్మిదో అంతకంటే ఎక్కువో కేసులు వస్తాయి. పత్రికల్లోకి ఎక్కేది ఆ ఇరవై ఊళ్ల పేర్లే, మిగిలిన తొమ్మిది వందల ఎనభై ఊళ్ల సంగతి ఎవరూ రాయరు. ఆ ఇరవైలో నిజంగానే నీరో గాలో చెడిన ఊరు ఒకటి ఉండవచ్చు, ఉండకపోవచ్చు. ఒక ఏడాది సంఖ్యను చూసి దానిని వేరు చేయడం సాధ్యం కాదు. అమెరికాలో ఇరవై ఏళ్లపాటు ప్రజల ఫిర్యాదులమీద జరిగిన 428 దర్యాప్తులను 2012లో ఒకచోట చేర్చి సమీక్షించారు. ఒక్కో చోట అనుమానించిన క్యాన్సర్ రకాలను విడివిడిగా లెక్కిస్తే 567 కాగా, సంఖ్య నిజంగా పెరిగిందని తేలినవి 72. స్థానిక కారణంతో ఎంతో కొంత ముడిపడినవి మూడు, స్పష్టమైన కారణం దొరికినది ఒకే ఒక్కటి. రిజిస్ట్రీలు, ప్రయోగశాలలు, నిధులు అన్నీ ఉన్న దేశంలోనే ఫలితం ఇది.

అలాగని ఊరివాళ్ల మాటను కొట్టిపారేయడం నాకు సమ్మతం కాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉందని మొదట చెప్పినవారు అక్కడి కొబ్బరి, జీడితోటల మనుషులే. వాళ్ల మాట నిజమైంది. దశాబ్దాల పరిశోధన తర్వాత కూడా కారణం ఇదేనని తేలలేదు కాని, జబ్బు ఎక్కువన్న మాటలో అబద్ధం లేదు. అందుచేత బలభద్రపురం వంటి చోట ఇంటింటి సర్వే చేయించడం పూర్తిగా సరైన పనే. అయితే సర్వే అంకెలను చదివేటప్పుడు, ప్రస్తుతం జబ్బుతో జీవిస్తున్నవారందరి సంఖ్య వేరు, ఏటా కొత్తగా వచ్చేవారి సంఖ్య వేరు అని గుర్తుంచుకోవాలి. మొదటిదాన్ని తెచ్చి జాతీయ వార్షిక రేటు పక్కన పెడితే, ఏ ఊరైనా భయంకరంగానే కనిపిస్తుంది. అనుమానంతో పెద్దాసుపత్రికి పంపినవారిని నిర్ధారణ అయినవారితో కలిపి చెబితే ఇంకా పెరుగుతుంది.

వయసు సంగతి డెల్టాకు మరీ ముఖ్యం. క్యాన్సర్ ప్రధానంగా వయసుతో పెరిగే జబ్బు. మా వీధిలో ఇప్పుడు తాళం వేసినవి పోగా తెరిచి ఉన్న ఇళ్లలో సగానికి పైగా అరవై దాటిన దంపతులో, ఒంటరి పెద్దవాళ్లో ఉన్నారు. పిల్లలు హైదరాబాదులోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో ఉన్నారు. జన్మభూమి మీద మమకారంతో మావంటివారు తిరిగి వెళ్లినకొద్దీ ఆ ఊరి సగటు వయసు ఇంకా పెరుగుతుంది. ఇటువంటి ఊరి ముడి రేటును, అంటే వయసు తేడాలు సవరించని రేటును, చదువుకునే పిల్లలతో, ఉద్యోగస్థులతో నిండిన నగరపు ముడి రేటుతో పోలిస్తే ఊరే ప్రమాదకరంగా తేలుతుంది. అందుకే రిజిస్ట్రీవాళ్లు వయసు సవరించిన రేటునే పోలికకు వాడతారు. మరో సంగతి కూడా మమ్మల్ని ఆలోచింపజేసింది. హిరోషిమా అణుబాంబు తర్వాత రక్త క్యాన్సర్లు రెండు మూడేళ్లకే పెరగడం మొదలైనా, గట్టి కణుతుల రూపంలో వచ్చే క్యాన్సర్లు పదేళ్లు దాటాకనే ఎక్కువయ్యాయి. సాధారణంగా కారణానికీ, జబ్బుకూ మధ్య పది, ఇరవై, ముప్ఫై ఏళ్ల దూరం ఉంటుంది. అంటే అరవై దాటిన మా ఇద్దరి ప్రమాదంలో ఎక్కువ భాగం మేము ఇప్పటిదాకా బతికిన చోట్లలోనే, కూకట్‌పల్లి రోడ్ల గాలితో సహా, ఏర్పడిపోయింది. కొత్త చోటు దానికి కలిపేది కొద్దిగానే ఉంటుంది. ముప్ఫై ఏళ్లవాడైన మా అబ్బాయి, పసిపిల్లతో సహా ఆ ఇంటికి మారదామనుకుంటే నేను ఇదే లెక్కను ఇంకా కఠినంగా చూసేదాన్ని.

రేటు చూసి ఊరిని ఎంచుకోవడం సాధ్యం కాదని తేలాక, కారణాలను ఒక్కొక్కటిగా చూశాము. మన దేశంలో క్యాన్సరుకు తెలిసిన కారణాల్లో అన్నిటికంటే పెద్దది పొగాకు. డెల్టాకు అదేమీ పరాయిది కాదు. గోదావరి లంకల్లో పండే లంక పొగాకు చుట్టలకు పేరుపొందినది. మామగారి తరంలో చుట్ట లేని అరుగు లేదు. ఉత్తరాంధ్రలో ఆడవాళ్లు చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు అంగిలిమీద ఎంత హాని చేస్తుందో, శ్రీకాకుళం జిల్లాలో 10,169 మందిని పరీక్షించి 1971లో ప్రచురించిన అధ్యయనం చూపింది. మా జాబితాలోని నోరు, గొంతు క్యాన్సర్లవాళ్లందరికీ చుట్టో, ఖైనీయో అలవాటు ఉంది. వాళ్ల ఇళ్లవాళ్లు గ్యాసు బావుల గురించి చాలాసేపు మాట్లాడారు గాని, ఖైనీ మాట నేను అడిగితేనే చెప్పారు. దూరాన ఉన్న బావిమీద కోపం తెచ్చుకోవడం తేలిక, ఇంట్లో మనిషి జేబులోని పొట్లం గురించి మాట్లాడడం కష్టం. మావారు పదవిలో ఉన్నన్నాళ్లూ వక్కపొడి నములుతూ ఉండేవారు. వక్క ఒక్కటే, పొగాకు కలవకపోయినా, నోటి క్యాన్సరుకు కారణమని తెలిశాక ఆయన దాన్ని మానేశారు. ఊరు మారే ప్రయత్నంలో మా ప్రమాదాన్ని నిజంగా తగ్గించిన మొదటి పని అదే.

తర్వాత నీరు. డెల్టా ఊళ్లు తాగేది చాలావరకు ధవళేశ్వరం నుంచి కాలువల్లో వచ్చే గోదావరి నీరే. వేసవిలో కాలువలు కట్టేసే ముందు మంచినీటి చెరువులు నింపుకుని, వడపోసి, క్లోరిన్ కలిపి కుళాయిలకు వదులుతారు. సముద్రం వైపు వెళ్లేకొద్దీ భూగర్భ జలం ఉప్పబారి ఉంటుంది. స్వగ్రామంలోని కుళాయి నీటిని, పెరటి బోరు నీటిని గ్రామీణ నీటి సరఫరా శాఖవారి ప్రయోగశాలలో పరీక్ష చేయించాము. తాగునీటికి భారతీయ ప్రమాణం ప్రకారం లీటరుకు నైట్రేట్ 45 మిల్లీగ్రాములు, ఆర్సెనిక్ 0.01 మిల్లీగ్రాము మించకూడదు. కుళాయి నీరు చూసిన అన్ని అంశాల్లోనూ హద్దుల్లోనే ఉంది. బోరు నీటిలో క్లోరైడు, కరిగిన లవణాలు ఎక్కువగా ఉన్నాయి. అది రుచికీ, రక్తపోటుకీ సంబంధించిన చిక్కేగాని క్యాన్సరుకు సంబంధించినది కాదు. పురుగుమందుల అవశేషాలు ఈ సాధారణ పరీక్షలో తేలవు, వాటికి వేరే ఖరీదైన పరికరాలున్న ప్రయోగశాలకు పంపాలి. ఇల్లు పొలం గట్టున ఉన్నవారు ఈ తేడా తెలుసుకోకుండా, నీరు బాగుందన్న కాగితం చూసి ధైర్యపడడం మంచిది కాదు. మా ఇల్లు ఊరి నడుమ ఉంది. వరి చేలు వీధి చివరినుంచి మొదలవుతాయి. మందు కొట్టే రోజుల్లో ఆ వైపు కిటికీలు మూసి ఉంచుతామని, బోరు నీటిని మొక్కలకు తప్ప వాడమని నిశ్చయించుకున్నాము. పెద్ద ప్రమాదం అక్కడ ఉందని నేననుకోవడం లేదు. అయినా జాగ్రత్తకు ఖర్చేమీ లేనప్పుడు పాటించడానికి అభ్యంతరం ఎందుకు?

చివరికి మా నిర్ణయాన్ని తేల్చినది వీటిలో ఏదీ కాదు. మన దేశంలోని పదకొండు రిజిస్ట్రీల పరిధిలో 2012 నుంచి 2015 వరకు రొమ్ము క్యాన్సర్ నిర్ధారణ అయిన స్త్రీలలో ఐదేళ్లు జీవించి ఉన్నవారు సగటున 66.4 శాతం. జబ్బు రొమ్ముకే పరిమితమై ఉన్నప్పుడు బయటపడితే అది 81 శాతం, దూరపు అవయవాలకు పాకాక బయటపడితే 18.3 శాతం. చోటును బట్టి చూస్తే మిజోరంలో 74.9, అరుణాచల్‌ప్రదేశ్‌లోని పాసీఘాట్‌లో 41.9. ఈ అంకెలు చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మగవారి రేటులో ఆ రిజిస్ట్రీలన్నిటికంటే ముందున్న ఐజ్వాల్ ఆ మిజోరంలోనే ఉంది, రొమ్ము క్యాన్సర్ వచ్చినా బతికి బయటపడేవారు ఎక్కువ ఉన్నదీ అక్కడే. క్యాన్సర్ ఎందరికి వస్తుందన్న రేటుకోసం మేము అంత వెతికాము కాని, వచ్చాక ఎందరు బతుకుతున్నారన్న రేటు కూడా చోటునుబట్టి మారుతుందనీ, మావంటివారికి ఊరి ఎంపికలో అదే ఎక్కువ పనికొస్తుందనీ ఇక్కడ తెలిసింది. మా అమ్మకు జబ్బు వచ్చినది ఏ నీటివల్లనో, ఏ గాలివల్లనో నేను ఎప్పటికీ చెప్పలేను. ఆవిడ పోయినది మాత్రం ఆలస్యంవల్ల. గడ్డ తెలిశాక కూడా చేలో పనులు అయ్యేదాకా ఆగింది. తర్వాత హైదరాబాదులో నెలల తరబడి ఉండి చికిత్స చేయించుకోవలసి వచ్చి, మధ్యలోనే ఇంటికి వెళ్లిపోతానని పట్టుబట్టింది.

అందుకని మూడు చోట్లనుంచీ చికిత్సకు ఉండే దారిని చూశాము. రేడియేషన్ ఒకటి రెండు రోజులతో అయ్యేది కాదు. రొమ్ము క్యాన్సరుకు మూడు వారాలు, నోరు గొంతు క్యాన్సర్లకు ఆరేడు వారాలు, వారానికి ఐదు రోజుల చొప్పున వెళ్లాలి. రోజూ వెళ్లి రాగల దూరంలో ఆ యంత్రం లేకపోతే, ముసలి దంపతుల్లో ఒకరు పట్టణంలో గది అద్దెకు తీసుకుని ఉండాలి, లేదా చికిత్స మానాలి. రాజమహేంద్రవరంలో ఆ చికిత్స ఉంది. విశాఖపట్నం అగనంపూడిలో టాటా సంస్థవారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. స్వగ్రామం నుంచి రావులపాలెం మీదుగా జొన్నాడ వంతెన దాటి రాజమహేంద్రవరం చేరడానికి గంటన్నర లోపే పడుతుంది. ఉండి దగ్గర స్థలంనుంచి ఎటు వెళ్లినా అంతకంటే ఎక్కువే. ఇదే స్వగ్రామం సఖినేటిపల్లి వైపు, నరసాపురం పంటు దాటి వెళ్లవలసిన చోట ఉండి ఉంటే మేము రాజమహేంద్రవరం ఫ్లాటే కొనేవాళ్లమని నిజాయితీగా చెప్పగలను.

పరీక్షలు చేసేవారు ఎవరన్నదీ చూశాము. ముప్ఫై ఏళ్లు దాటినవారందరికీ నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్లకు పరీక్ష చేయాలన్నది జాతీయ కార్యక్రమంలో ఉన్నదే. మూడూ కంటితో, చేతితో, కొద్దిపాటి యాసిటిక్ ఆమ్లంతో చేయగల పరీక్షలు. మా ఊరి ఆరోగ్య ఉపకేంద్రంలోని ఏఎన్ఎమ్‌ను కలిసి, పరీక్షలు నిజంగా జరుగుతున్నాయా అని అడిగాను. "నోరు చూపించుకుంటారండి, బీపీ షుగరూ చూపించుకుంటారండి, మిగతా రెండిటికీ మాత్రం ఆడవాళ్లు రానంటారండి" అంది ఆ అమ్మాయి. మా ఊరి గురించి నాకు దొరికిన సమాచారంలో అన్నిటికంటే విలువైనది ఆ ఒక్క మాటే. అనుమానం వచ్చినవారిని ఎక్కడికి పంపుతారో, ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏ ఆసుపత్రులు వస్తాయో కూడా ఆమె ఓపికగా చెప్పింది.

సంక్రాంతి వెళ్లాక పెంకుటింటికి మారాము. మారిన వారంలోనే నేను ఉపకేంద్రానికి వెళ్లి మూడు పరీక్షలూ చేయించుకుని, ఆ సంగతి వీధిలో అందరికీ తెలిసేలా చెప్పాను. మా ఇంట్లో అమ్మ చరిత్ర ఉంది కనుక, వాటితోపాటు పట్నంలో మామోగ్రామ్ కూడా తీయించుకుంటున్నాను. వదినగారు ఇప్పటికీ గ్యాసు బావులే కారణమంటారు, నేను ఆవిడతో వాదించడం లేదు. ఆవిడనూ, ఇద్దరు తోడికోడళ్లనూ వచ్చే శుక్రవారం ఉపకేంద్రానికి తీసుకువెళ్తున్నాను. చిన్న తోడికోడలు ఇంకా రానంటున్నది.